తిరిగి వచ్చిన మాట

పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు అను పట్టణము కలదు. అది గోదావరి కాలువల నీటితో వరియు, చెరకును పండెడి సీమ. పూర్వము సంక్రాంతి దినములు వచ్చుసరికి ఆ ప్రాంతపు పల్లెలలో చెరకు గానుగలు తిరుగుచుండెడివి. పెద్ద పెనములలో రసము కాగుచుండగా ఆ తీపి వాసన ఊరంతయు వ్యాపించెడిది. 1947లో శ్రీ ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాదుగారు తణుకులో 'ఆంధ్రా షుగర్స్' అను సంస్థను స్థాపించిరి.

బాలలారా! ఈ సంస్థ పేరును మరల నొకసారి చదువుడు. ఇందు 'ఆంధ్ర' అనునది మన మాట, 'షుగర్' అనునది ఇంగ్లీషు మాట అని మీరందురు. అది కొంతవరకే నిజము. ఇంగ్లీషువారికి ఆ మాట మన దేశమునుండియే చేరినది. అది ఎట్లు చేరినదో చూతము.

సంస్కృతమున 'శర్కర' యనగా గులకరాయి, ఇసుక పలుకు అని అర్థము. చెరకురసమును కాచగా ఏర్పడిన పలుకులు చిన్న గులకలవలె కనబడుటచే వానికిని ఆ పేరే కలిగెను. వర్తకులు ఈ సరకును పడమటి దేశములకు కొనిపోయిరి. సరకు వెంట మాటయు వెళ్ళెను. పారశీకులు దానిని 'షకర్' అనిరి. అరబ్బులు 'సుక్కర్' అనిరి. అరబ్బులే చెరకు సాగును సిసిలీ ద్వీపమునకును, స్పెయిను దేశమునకును తీసికొనిపోయిరి. అచ్చటినుండి ఆ మాట యూరపు భాషలలో ప్రవేశించి, ఫ్రెంచివారి నోట 'సూక్ర్' అయి, తుదకు ఇంగ్లీషులో 'షుగర్' అయ్యెను.

మీరు వ్యాకరణమున తత్సమ తద్భవములను గూర్చి చదివియుందురు. 'శర్కర' తత్సమము, 'చక్కెర' తద్భవము. ఇట్లు చూచినచో 'షుగర్' గూడ దూరదేశమున పెరిగిన తద్భవమువంటిదే కదా!

ఈ మాటకు తోబుట్టువు మరియొకటి కలదు. బెల్లమును ఇంగ్లీషున 'జాగరీ' అందురు. 1498లో వాస్కో డ గామా ఓడలు మలబారు తీరమునకు వచ్చినవి. ఆ తరువాత పోర్చుగీసు వర్తకులు అచ్చటివారు బెల్లమునకు వాడెడి 'శర్కర' అను మాటను విని, తమ నోటికి వచ్చినట్లు 'జాగరా' అని పలికిరి. ఇంగ్లీషువారు దానిని 'జాగరీ' అనిరి. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు పారశీక, అరబ్బు దేశముల మీదుగాను, వేరొకరు ఓడ మీదను పయనించి ఒకే ఇంటికి చేరిరి. కాని నేడు వారి రూపములను చూచి తోబుట్టువులని గుర్తించుట కష్టము. పిల్లలు ఇష్టపడెడి 'కాండీ'కి గూడ మూలము మన 'ఖండ' శబ్దమే. ముక్క అని దాని అర్థము. అదియు పారశీక, అరబ్బు భాషల మీదుగానే యూరపునకు చేరినది.

ఇవి సంస్కృతమునుండి పోయిన మాటలు. మరి తెలుగునుండి పోయినది ఏదియు లేదా? కలదు. వరిచేలలోను, గాదెల క్రిందను బొరియలు త్రవ్వి ధాన్యమును పాడుచేయు పందికొక్కును గోదావరి రైతు ఎవడెరుగడు? ఆ పేరే ఇంగ్లీషున 'బాండికూట్' అయినది. 1886లో యూల్, బర్నెల్ అను పండితులు ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను నిఘంటువు ఈ మాట తెలుగునుండి వచ్చినదనియే చెప్పుచున్నది. జంతుశాస్త్రజ్ఞులు ఈ ఎలుకల జాతికి 'బాండికోటా' అను పేరు పెట్టిరి. అంతేకాదు. ఆస్ట్రేలియాకు వెళ్ళిన ఇంగ్లీషువారు అచ్చట పొడుగాటి ముక్కు గల ఒక జంతువును చూచి దానిని గూడ బాండికూట్ అనిరి. అది ఎలుకయే కాదు; పిల్లలను కడుపుసంచిలో పెంచెడి జంతువు. ఇట్లు మన పొలమునందలి పేరు సముద్రము దాటి, ఎన్నడును మనము చూడని ప్రాణికి పేరయ్యెను.

ఇట్టివి వినినపుడు మనకు సంతోషము కలుగుట సహజము. కాని ఒక హెచ్చరిక అవసరము. సన్నని నూలు వస్త్రమును ఇంగ్లీషున 'మస్లిన్' అందురు. మన మచిలీపట్నము రేవునుండి పూర్వము మేలైన నూలు వస్త్రములు విదేశములకు పోయెడివి. ఇంగ్లీషువారు ఆ రేవును 'మసూలిపటం' అనెడివారు. ఈ రెండు పేర్లును వినుటకు దగ్గరగా ఉండుటచే మస్లిన్ అను మాట మచిలీపట్నమునుండి పుట్టినదని కొందరు చెప్పుదురు. అది సరికాదు. ఇరాకు దేశమునందలి మోసుల్ నగరము పేరునుండి అది ఇటలీ, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషునకు వచ్చినదని పండితులు నిర్ణయించిరి. ధ్వని కలిసినంతమాత్రమున చుట్టరికము కుదరదు. మాట ఏ దారిని పోయినది, ఏ సరకుతో పోయినది, దారిలోని భాషల పాత గ్రంథములలో ఏ రూపమున కనబడుచున్నది అను విషయములను విచారింపవలెను. మనకు గౌరవము కలిగించు మాటనైనను పరీక్షింపక నమ్మరాదు.

ఏ భాషయు ఒంటరిగా బ్రతుకదు. ఇంగ్లీషు మన మాటలను గ్రహించినట్లే, మనమును పెన్ను వంటి మాటలను పరభాషలనుండి గ్రహించితిమి. ఇచ్చుటవలనను, పుచ్చుకొనుటవలనను భాషలు పెరుగునే గాని తరుగవు. కావున ఇంగ్లీషు పాఠమున క్రొత్త మాట కనబడినపుడు పరాయిదని జంకవలదు. నిఘంటువు విప్పి దాని పుట్టినిల్లు ఏదో వెదకుడు. శర్కర యై బయలుదేరి, దేశదేశములు తిరిగి, షుగర్ అయి మరల తణుకు చెరకుతోటల నడుమకు వచ్చిన మాటవలె, అదియు మీకు తెలిసిన ఇంటిదే కావచ్చును.