గాజులు తాకట్టు పెట్టేముందు ఒక్క మాట

నిరుడు మా వీధి దర్జీ ఒకరు మా వద్దకు వచ్చారు. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. యాప్‌లు తయారు చేయడం నేర్చుకుంటానంటోంది. ఒక శిక్షణ సంస్థ 40 వేల రూపాయలు అడిగింది. "మౌల్వీ సాబ్, వాళ్ళ అమ్మీ గాజులు తీసి ఇచ్చింది. తాకట్టు పెట్టమంటారా?" అన్నారు.

మూడు నెలలు ఆగమన్నాం. అనడం తేలికే. మాకా ఈ విద్యలో ఓనమాలు రావు. అందుకే తెలిసినవారిని అడిగి వాకబు చేశాం. తెలిసిందేమిటంటే, ఈ పనికి కావలసిన సాధనాల్లో అధిక భాగం ఉచితంగానే దొరుకుతాయి.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే పైథాన్ భాషతో మొదలుపెట్టవచ్చు. తెరపై పెట్టెలు, మీటలు అమర్చే టికింటర్, వివరాలు భద్రపరిచే ఎస్‌క్యూలైట్ దానితోపాటే వస్తాయి. ఫోన్ యాప్‌ల కోసం గూగుల్ వారి ఆండ్రాయిడ్ స్టూడియో ఉంది. అది ఉచితమే గాని, 8 జీబీ మెమరీ అయినా లేని కంప్యూటర్‌లో సాఫీగా నడవదు. దానికి వాడే కోట్లిన్ భాషను మొదటినుంచీ నేర్పే పాఠాలనూ గూగుల్ ఉచితంగానే ఇస్తోంది. ఒకే ప్రోగ్రాంతో ఫోన్‌కూ, కంప్యూటర్‌కూ యాప్ తయారు చేయాలంటే ఫ్లట్టర్ ఉంది. చిన్న పిల్లలకైతే ముక్కలు పేర్చినట్టు నేర్పే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ మేలు.

ఇంగ్లీషు అంటే జంకేవారికి ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. స్వయం పోర్టల్‌లో పాఠాలు వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందాలంటేనే రుసుము కట్టాలి.

ఆ అమ్మాయి దేనితో మొదలుపెట్టిందో తెలుసా? తండ్రి దుకాణంలోని కొలతల పుస్తకంతో! మొదట ఇంట్లోని పాత కంప్యూటర్‌లో పైథాన్‌తో దాన్ని చేసింది. తర్వాత సాయంత్రాలు కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ఫోన్‌కు మార్చింది. తెలుగులో బాగానే వచ్చింది. ఉర్దూకు మార్చగానే చిక్కు వచ్చింది. అక్షరాలు కుడినుంచి నడుస్తున్నా పెట్టెలన్నీ ఎడమవైపే ఉండిపోయాయి. వెదికితే మందు దొరికింది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి కుడినుంచి ఎడమకు రాసే భాషలకు పూర్తి అమరిక ఉంది. యాప్‌లో దానికి అనుమతి ఇచ్చి, 'ఎడమ', 'కుడి' అని కాక 'మొదలు', 'చివర' అని రాసుకోవాలి. అంతే.

నస్తాలీఖ్ కోసం నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఉచిత ఫాంట్ పెట్టింది. అక్షరాల తలలు తెగిపోయాయి. ఇక్కడ మాత్రం మా చదువు అక్కరకొచ్చింది. నస్తాలీఖ్ ఏటవాలుగా దిగే రాత. కాతిబ్‌లు వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ చోటు వదిలేవారు. "బేటీ, వరుసల ఎడం పెంచు" అన్నాం. పెంచింది. సరిపోయింది.

మరో మాట కూడా చెప్పాం. ఆడవారి కొలతలు, ఫోన్ నంబర్లు దర్జీ దగ్గర ఉంచిన అమానత్. వాటిని ఇంటర్నెట్‌కు ఎక్కించవద్దన్నాం. అన్నీ దుకాణం ఫోన్‌లోనే ఉండేలా చేసింది.

మూడు నెలలన్నది ఆరు నెలలయింది. ఇది ఉద్యోగానికి హామీ కాదు. శిక్షణ సంస్థలన్నీ పనికిరానివనీ మేము అనం. దారి చూపే గురువు అవసరం ఎవరికైనా ఉంటుంది. కాని డబ్బు కట్టేముందు కొన్నాళ్ళు ఉచిత పాఠాలతో సాధన చేస్తే, పిల్లలకు ఆ పనిపై నిజంగా మనసుందో లేదో తేలిపోతుంది.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా రోజుకు రెండు గంటలు ఇంటిపని చెప్పకుండా వదలండి. దర్జీ గారి అమ్మాయికి వాళ్ళ అమ్మీ ఇచ్చింది అదే. గాజులు ఇప్పటికీ ఆమె చేతికే ఉన్నాయి.