తుప్పు పట్టిన పెట్రోలు ట్యాంకు

ఆంబాసిడర్ కార్ల తయారీ 2014వ సంవత్సరములో నిలిచిపోయినది. అయినను ఆ బండ్లు కొన్ని ఇండ్లలో నేటికిని కలవు. నెలల తరబడి కదలక యున్న బండిని బయటికి తీసినప్పుడు, అది కొంత దూరము నడిచి ఆగిపోవుచుండును. ఫిల్టరు విప్పి చూచినచో ఎఱ్ఱని పొడి కనబడును. ఆ పొడి ట్యాంకులో పుట్టిన తుప్పు.

విద్యార్థులారా! మూడు పరీక్షనాళికలలో మేకులుంచి చేయు ప్రయోగము మీకు తెలిసినదే. నీరు, గాలి రెండును తగిలిన మేకే తుప్పు పట్టును. ట్యాంకులో జరుగునదియు అదియే. ట్యాంకు సగము ఖాళీగా నున్నచో అందు గాలి చేరును. రాత్రి చల్లదనమునకు ఆ గాలిలోని తేమ బిందువులై గోడల వెంట జారును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగునకు దిగి అచట నిలుచును. నేటి పెట్రోలులో కలుపు ఇథనాల్ సైతము తేమను పీల్చుకొనును. అల్యూమినియముపై ఏర్పడు పొర లోహమును అంటిపెట్టుకొని కాపాడును. ఇనుప తుప్పు అట్లుగాక పెచ్చులై రాలి, క్రొత్త లోహమును మరల తేమకు అప్పగించును.

శుభ్రపరచుటకు పూర్వము ఒక సంగతి తెలిసికొనవలెను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. మండునది ద్రవము కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి సుమారు 1.4 మొదలు 7.6 పాళ్లున్నచో చిన్న నిప్పురవ్వకే ప్రేలును. పెట్రోలు ఒంపివేసిన పిదపకూడ ఆవిరి లోపల మిగిలియుండును. కావున లోపల చూచుటకు అగ్గిపుల్ల వెలిగింపరాదు. చిల్లిపడినదని వెల్డింగు చేయింపరాదు. ఈ పని అనుభవజ్ఞుడైన మెకానిక్కు ఆరుబయట చేయవలసినది. పిల్లలు దూరమున నుండి చూచి నేర్చుకొనవచ్చును గాని తామై పూనుకొనరాదు.

మొదట ట్యాంకును బండినుండి దింపి, పెట్రోలు కొలిచెడి పరికరమును తీసివేసి, సబ్బునీటితో పలుమార్లు కడుగవలెను. పిమ్మట ఒక ఇనుప గొలుసును లోపల వేసి కుదిపినచో పెచ్చులు రాలును. గొలుసు తీసి, నీటిలో నిమ్మ ఉప్పు కరిగించి నింపి ఒక దినము ఉంచవలెను. వాయువు పుట్టును గనుక మూత బిగింపరాదు. తుప్పు కరిగిన పిదప ఆ నీటిని ఒంపి, వంటసోడా నీటితో కడిగి, మంచినీటితో మరల కడుగవలెను. తుడిచిన లోహము తడిగా నున్నచో త్వరలోనే తిరిగి తుప్పు పట్టును. కనుక వెంటనే గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టవలెను. కడిగిన నీటిని బావి దరిని పారబోయరాదు.

కడపట ఇథనాల్‌కు తట్టుకొను ఎపాక్సీ లేపనము పోసి, ట్యాంకును అన్ని ప్రక్కలకు త్రిప్పి, మిగులును ఒంపివేయవలెను. పెట్రోలు వెడలు గొట్టము మూసికొనిపోకుండ చూడవలెను. డబ్బాపై చెప్పిన గడువు తీరువరకు పెట్రోలు పోయరాదు. తేమపైననో తుప్పుపైననో వేసిన లేపనము పొరలుగా ఊడి గొట్టమునకు అడ్డుపడును. అది తుప్పుకంటె చెడ్డది. రేకు చాల చోట్ల తినివేయబడినచో ట్యాంకును మార్చుటయే మేలు.

లేపనము రోగమునకు మందు మాత్రమే. బండిని అప్పుడప్పుడు నడుపుచు, పెట్రోలును నెలల తరబడి నిలువ ఉంచకుండుటయే రోగము రాకుండ చేయు ఉపాయము.