థర్మల్ గన్ సరే, కిటికీలు తెరిచారా?

కరోనా కాలంలో బళ్లు ఒక్కసారి మూసి, ఒక్కసారి తెరిచినవి కావు. 2020 మార్చిలో మూతపడ్డ బడిని ఆంధ్రప్రదేశ్ ఆ నవంబరు 2న పెద్ద తరగతులకు తెరిచింది. తెలంగాణ 2021 ఫిబ్రవరి 1న తెరిచి, రెండు నెలలైనా తిరక్కుండా మార్చిలో మళ్లీ మూసింది. రెండో వేవ్ తగ్గాక ఆంధ్రలో ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న గంట మోగింది. తెరిచిన ప్రతిసారీ గేటు దగ్గర ఒకటే తంతు: నుదుటికి థర్మల్ గన్, అరచేతిలో రెండు చుక్కల శానిటైజర్. లోపల మాత్రం కిటికీలు బిగించిన గదిలో పిల్లలు. అప్పుడు నమ్మినవాటిలో చాలా మాటలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి.

అపోహ: గేటు దగ్గర జ్వరం చూస్తున్నారు కదా, ఇక భయం లేదు.

వాస్తవం: ఆ గన్ పట్టేది జ్వరాన్ని, వైరస్‌ను కాదు. కరోనా సోకిన పిల్లల్లో చాలామందికి జ్వరమే రాదు. వచ్చేవారి నుంచి కూడా లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటుకోవచ్చు. పైగా మన ఇళ్లలో ఒక చిట్కా ఉండనే ఉంది. ఎనిమిదింటికి ఒళ్లు వెచ్చగా తగిలితే పారాసెటమాల్ సిరప్ పట్టించి ఆటో ఎక్కించేస్తాం. తొమ్మిదింటికి గేటు దగ్గర గన్ ‘నార్మల్’ అంటుంది. మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి పిల్ల బెంచీ మీద తల వాల్చేస్తుంది. అప్పటికి పక్కనున్న ముగ్గురితో పొద్దంతా కబుర్లు చెప్పింది. అన్నట్టు, ఆ గన్ కిరణాలు మెదడుకు చేటు అన్నది కూడా పుకారే. అది మన ఒంటి నుంచి వచ్చే వేడిని కొలుస్తుంది తప్ప లోపలికి ఏదీ పంపదు.

అపోహ: బెంచీలకు, గోడలకు మందు కొట్టిస్తే బడి భద్రం.

వాస్తవం: హైపోక్లోరైట్ వాసన వస్తే ఏదో జరిగిందన్న తృప్తి మనకు. వైరస్ పడిన వస్తువును తాకితే జబ్బు అంటుకునే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఇక మనుషుల మీద మందు చల్లడం వద్దని మన కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. సబ్బుతో చేతులు కడగడం మానమని కాదు. కుళాయికి వలసంచిలో సబ్బు కట్టి వేలాడదీసిన బళ్లలో విరేచనాల బెడద కూడా తగ్గుతుంది.

అసలు సంగతి గాలిది. మాట్లాడినప్పుడు, పద్యం గట్టిగా వల్లె వేసినప్పుడు నోటి నుంచి వెలువడే సన్నని తుంపరలు మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. నమ్మకం కుదరకపోతే తరగతి మూల ఒక అగరుబత్తి వెలిగించి చూడండి. తలుపులు మూస్తే చివరి బెంచీ దాకా వాసన కమ్మేస్తుంది, ఎదురెదురు కిటికీలు తెరిస్తే కాసేపట్లో పోతుంది. ఫ్యాను ఉందిగా అంటారు. కిటికీలు మూసి ఫ్యాను వేస్తే ఉన్న గాలినే కలియబెడుతుంది. గోడకు బిగించే మామూలు ఏసీ చేసేదీ అంతే, ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఈ లెక్కన వేలకు వేలు ఫీజు కట్టే ఏసీ తరగతి కన్నా, రెండు వైపులా కిటికీలూ ముందు వరండా ఉన్న పాత సర్కారు బడే మెరుగు! కాకపోతే ఆ కిటికీలు తెరుచుకోవాలి కదా. గడియ తుప్పు పట్టి ఉంటుంది, లేదా కోతులొస్తాయని మేకు కొట్టేసి ఉంటారు. ఆటోకి రెండు పక్కలా కట్టే పట్టాల సంగతీ ఇంతే. వాన లేనప్పుడు వాటిని పైకి చుట్టేయాలి.

అపోహ: ఎంత చిన్నపిల్లలైనా మాస్కు వేయాల్సిందే.

వాస్తవం: అయిదేళ్లలోపు వారికి అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన కేంద్రం రెండూ చెప్పాయి. ఆరు నుంచి పదకొండేళ్ల వారు పెద్దల కనుసన్నల్లో వేసుకోవచ్చన్నాయి. ఎందుకో ఒకటో తరగతి పంతులమ్మను అడగండి: బొమ్మ బాగుందని మాస్కులు మార్చేసుకుంటారు. మాస్కు బదులు ముఖానికి షీల్డు ఒక్కటే పెడితే చాలదు.

అపోహ: మూడో వేవ్ పిల్లల మీదే విరుచుకుపడుతుంది, టీకా వచ్చేదాకా బడి వద్దు.

వాస్తవం: పిల్లల మీదే ఎక్కువ ప్రభావం ఉంటుందనడానికి ఆధారం లేదని పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ 2021 మేలోనే చెప్పింది. తెరిస్తే ప్రాథమిక పాఠశాలలే ముందు తెరవొచ్చని ఆ జులైలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ అంది. మనం మాత్రం అంతకుముందే పరీక్షలున్న పెద్ద తరగతులతో మొదలుపెట్టాం. 15 నుంచి 17 ఏళ్ల వారికి కొవాగ్జిన్ 2022 జనవరి 3న, 12 నుంచి 14 ఏళ్ల వారికి కార్బెవాక్స్ మార్చి 16న మొదలయ్యాయి. రెండూ హైదరాబాద్ కంపెనీలవే. ఆంధ్రలో బళ్లు నడవడం మొదలై అప్పటికే నెలలు గడిచాయి. ముందు టీకా పడాల్సింది పంతులుగారికి, ఆటో డ్రైవరుకు, ఇంట్లో నానమ్మకు.

అపోహ: ఒక ఏడాది బడి పోతే కొంపలేం మునగవు, ఫోన్‌లో పాఠాలున్నాయిగా.

వాస్తవం: రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో తెలంగాణలో 18.1 శాతం, ఆంధ్రలో 22.6 శాతం. పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం 2022 నాటికి అది 5.2, 10.3 శాతాలకు పడిపోయింది.

హెడ్మాస్టర్లకు ఒక్క మనవి. మళ్లీ ఇలాంటి జబ్బు వస్తే శానిటైజర్ డబ్బాల కన్నా ముందు కిటికీ గడియలకు నూనె వేయించండి. ఆ ఏడాదికి ఫుల్ అటెండెన్స్ బహుమతి ఆపేయండి. జ్వరం వచ్చిన పిల్లను ఇంట్లో ఉంచుకున్న తల్లిని ఎందుకు పంపలేదని నిలదీయకండి.