బొగ్గుట్ట... సింగరేణి పుట్టిల్లు!

విశాఖ వాసులకు బొగ్గంటే ఓడరేవులో కనిపించే నల్లటి కుప్పలే. ఉక్కు కర్మాగారానికి కావాల్సిన కోకింగ్ బొగ్గు చాలావరకు సముద్రం దాటి వస్తుంది మరి! కానీ తెలుగునాట బొగ్గు తవ్వకం మొదలైంది మాత్రం సముద్రానికి ఎంతో దూరాన, దట్టమైన అడవిలో. అదే ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఇల్లందు. స్థానికులు ముద్దుగా పిలుచుకునే పేరు బొగ్గుట్ట.

భద్రాచలం వెళ్తున్న యాత్రికులు దారిలో నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకున్నారట. కాసేపటికి కట్టెలతోపాటు రాళ్లూ మండాయట! ఇది జనం చెప్పుకునే కథ. చరిత్ర చెప్పేదేమిటంటే... 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడ బొగ్గును గుర్తించారు. ఆయన పేరుమీదే ఒక బొగ్గు పొరను 'కింగ్ సీమ్' అంటారు. 1886లో ఇంగ్లండులో ఏర్పాటైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. ఆ ఏడాది తీసిన బొగ్గు దాదాపు 60 వేల టన్నులు. 1920లో దాని స్థానంలో కొత్త కంపెనీ ఏర్పడింది. పక్కనున్న చిన్న పల్లె సింగరేణి, పెద్ద సంస్థకు పేరైంది!

బాయి కింద... అడవి పైన

ఇక్కడివాళ్లు గని అనరు, 'బాయి' అంటారు. తట్టా చెమ్మస్ పట్టుకుని, టోపీకి దీపం తగిలించుకుని తరాల తరబడి కార్మికులు ఆ చీకట్లోకి దిగారు. మధ్యమధ్య బొగ్గు స్తంభాలు వదులుతూ దారులు తొలిచేవారు. కప్పు కూలకుండా కాసింది అడవి దుంగలే. కింద మనిషి బొగ్గు తవ్వుతుంటే, పైన కోయలు ఇప్పపూలు ఏరుకునేవారు, తునికాకు కోసుకునేవారు.

తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి వంటి ఊళ్లు గనులతో ఎదిగాయి. ఇల్లందులో పాత బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటి స్థానంలో ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి. భూగర్భ గనిలో కప్పు కూలే ప్రమాదం కార్మికుడి నెత్తిన ఉండేది. ఓపెన్‌కాస్ట్‌లో ఆ భయం లేదు, బొగ్గూ ఎక్కువే వస్తుంది. అయితే పైనున్న అడవిని, మట్టిని తొలగిస్తే తప్ప తవ్వకం సాగదు. తవ్విపోసిన మట్టి గుట్టలవుతుంది. వాటిమీద మొక్కలు నాటుతారు నిజమే. కానీ ఇప్పచెట్టు పూతకు రావాలంటే ఏళ్లు పట్టాలి!

కోట్ల ఏళ్ల కిందటి అడవే నేలలో కూరుకుపోయి బొగ్గయింది. ఆ బొగ్గు కోసం నేటి అడవి పోతోంది. పాత బాయిల ఆనవాళ్లు ఆ మట్టిగుట్టల కింద కలిసిపోకముందే కొన్నింటినైనా కాపాడుకోవాలి. లేదంటే పుట్టింటికి మిగిలేది పేరొక్కటే.