కుక్క పంటికి రోజూ ఒక పూట

ఇంటి కుక్క నోరు కంపు కొడుతుంటే, మేట్టుపాళయంలోనైనా మదురైలోనైనా, "కుక్క నోరు అంతేలే" అని వదిలేస్తాం. చాలాసార్లు అది చిగుళ్ల జబ్బుకు గుర్తు. పంటి మీద పేరుకునే మెత్తటి పాచి, లాలాజలంలోని కాల్షియంతో కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. ఎదిగిన కుక్కకు ఉండే 42 పళ్లలో, పై దవడ వెనకవైపు పెద్ద పళ్లకు ఇది ఎక్కువ. పెదవి ఎత్తి చూడండి: పసుపురంగు పెచ్చు, దాని అంచున చిగురు మీద ఎర్రటి గీత. ఆ దశలో శుభ్రం చేస్తే చిగురు కోలుకుంటుంది. లోపలి ఎముక కరిగిపోతే మాత్రం తిరిగి రాదు. అందుకే రోజూ ఒక పూట పళ్లు తోమాలి.

తెలుగు రాజులు స్థిరపడ్డ రాజపాళయం ఊరి పేరున్న వేటకుక్క 2005లో తపాలా బిళ్లకెక్కింది. అలాంటి కుక్కలకు ఎవరు పళ్లు తోమారు, ఎముక కొరికితే చాలదా అని అడగవచ్చు. కొరకడం వల్ల కొంత పాచి రాలుతుంది, నిజమే. కానీ గట్టి ఎముకకు పళ్లు పగులుతాయి, ఆ నొప్పిని కుక్క దాచుకుంటుంది. మొదట వేలికి చుట్టిన తడిబట్టతో అలవాటు చేసి, తర్వాత మెత్తటి బ్రష్‌తో బుగ్గవైపు తోమితే చాలు. మన పేస్టు వాడకూడదు: కుక్క ఉమ్మలేదు, కొన్నిటిలో ఉండే జైలిటాల్ దానికి విషం. గట్టిపడిన గార బ్రష్‌కు రాదు. గోటితో గీకితే చిగురు గాయపడుతుంది. పశువైద్యుడు మత్తు ఇచ్చి తీయాల్సిందే. మత్తంటే భయం సహజమే, కాబట్టి ముందుగా రక్తపరీక్ష అడగండి. మెలకువలో ఉన్న కుక్కకు చిగురు కింద శుభ్రం చేయడం కుదరదు.