‘మాంగో’లోకి మన ‘కాయ’ ఎలా చేరింది?

తమిళనాడులోని ధర్మపురి మామిడికి పేరుపడ్డ సీమ. పచ్చిదాన్ని అక్కడ తమిళంలో ‘మాంగాయ్’ అంటారు, పండితే ‘మాంబళం’. ‘మాంగాయ్’ని విడదీసి చూడండి: ‘మా’ అంటే మామిడి, ‘కాయ్’ అంటే మన కాయే!

ఈ మాట ఐరోపాకు ఎలా వెళ్లింది? 1498లో వాస్కో డ గామా కేరళ తీరం చేరాడు. తర్వాత పోర్చుగీసువారు మలయాళీల నోట ఇదే మాటకు మరో రూపమైన ‘మాంగ’ విని అలాగే పలికారు. అదే ఫ్రెంచిలో ‘మాంగ్’, ఇంగ్లీషు, జర్మన్‌లలో ‘మాంగో’ అయింది.

ఇంగ్లీషులో ఒకప్పుడు ‘మాంగో’ అంటే మామిడే కాదు, ఊరగాయ కూడా. అర్థం ఎందుకు అలా మారింది? నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో పండు కుళ్లిపోతుంది. అందుకే అప్పట్లో మామిడి ఊరగాయగా వెళ్లేది. దాంతో ఇంగ్లీషువారు ఊరబెట్టిన దోసకాయనూ ‘మాంగో’ అన్నారు. అమెరికాలో కొన్నిచోట్ల క్యాప్సికానికీ అదే పేరు వచ్చింది.

ఈసారి ‘మాంగో’ అన్నప్పుడు, అందులో దాగిన మన ‘కాయ’ను గుర్తుచేసుకోండి.