ఎదుటి కన్ను నొవ్వని వెలుగు

పాఠ్యభాగ పరిచయం

రాత్రివేళ వాహనం నడిపే వ్యక్తికి రెండు బాధ్యతలు ఉంటాయి. తన దారిని తాను స్పష్టంగా చూడాలి. ఎదుటివారి చూపును చెరపకూడదు. మొదటిదానికి వెలుగు ఎక్కువ కావాలి, రెండవదానికి తక్కువ కావాలి. పరస్పరం పొసగని ఈ రెండు అవసరాలను సమన్వయపరచడానికి శాస్త్రజ్ఞులు నూరేళ్లకు పైగా సాగించిన కృషిని ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

కాళిదాస మహాకవికి ‘దీపశిఖా కాళిదాసు’ అనే ప్రశస్తి ఉంది. రఘువంశంలోని ఇందుమతీ స్వయంవర ఘట్టంలో ఆయన చెప్పిన ఒక ఉపమ వల్ల ఆ పేరు వచ్చింది. రాత్రివేళ రాజమార్గంలో ఒక దీపం సాగిపోతుంటే, దాని కాంతి సోకిన మేడలు క్షణకాలం వెలిగి, అది దాటిపోగానే చీకటిలో కలిసిపోతాయి. ఇందుమతి తమను కాదని ముందుకు సాగినప్పుడు ఆ రాజుల ముఖాలు అలాగే వెలవెలబోయాయని కవి భావం. కదిలే దీపం స్వభావాన్ని ఆయన ఎంత సూక్ష్మంగా పరిశీలించాడో దీనివల్ల తెలుస్తుంది.

నేటి రహదారిపై పరుగెత్తే మోటారు వాహనపు దీపం కూడా అటువంటి సంచార దీపమే. అయితే ఆ దీపం మనిషి నడకతో సాగింది. ఈ దీపం గంటకు ఎనభై, నూరు కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. అందుచేత దీని వెలుగు ఎక్కడ పడాలి, ఎక్కడ పడకూడదు అన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఒక్క సెకనులో సుమారు 22 మీటర్లు ముందుకు పోతుంది. దారిలో అడ్డంకి కనిపించిన తరువాత దానిని గుర్తించి, బ్రేకు మీద కాలు మోపడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, ఆలోగానే కారు 33 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా పూర్తిగా ఆగడానికి మరో 40 మీటర్లు కావాలి. అంటే మొత్తం 70 మీటర్లకు పైగా దూరం ముందే కనిపిస్తే తప్ప ఆ వాహనం సురక్షితంగా ఆగదు.

దీపాన్ని దించినప్పుడు, అంటే లో బీమ్‌లో, వెలుగు ఎంత దూరం పోతుంది? నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపం నుంచి వచ్చే కాంతి పుంజపు పై అంచు ప్రతి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి వాలుతుందనుకుందాం. అది 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఆగడానికి కావలసిన దూరం కన్న కనిపించే దూరం తక్కువ! ఆ మిగిలిన కొద్ది మీటర్ల చీకటిలో దీపం లేని ఎడ్లబండి గాని, సైకిలు తొక్కే రైతు గాని ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

అలాగని ఎప్పుడూ హై బీమ్ వేసుకుని పోతే ఎదుటివారి గతి ఏమిటి? చీకటిలో మన కనుపాప విచ్చుకుని ఉంటుంది. హఠాత్తుగా తీవ్రమైన వెలుగు పడితే అది వెంటనే ముడుచుకుపోతుంది. ఆ వెలుగు తొలగిన తరువాత మళ్లీ విచ్చుకోవడానికి, కంటిలోని నేత్రపటలం తిరిగి చీకటికి అలవాటు పడడానికి మాత్రం అంతకన్న ఎక్కువ కాలం పడుతుంది. మూడు సెకన్లే అనుకున్నా, పైన చెప్పిన వేగంలో ఆ డ్రైవరు 66 మీటర్లు గుడ్డివాని వలె ప్రయాణిస్తాడు. లారీల వెనుక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. ఆ చిన్న వాక్యం వెనుక ఇంత కథ ఉంది.

తొలినాటి కార్లకు నూనె దీపాలు, ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలు ఉండేవి. తరువాత విద్యుద్దీపాలు వచ్చాయి. వెలుగు పుట్టించడం కన్న దానిని అదుపులో ఉంచడమే అసలు సమస్య అని అప్పుడే తెలిసింది. బల్బులోని తంతువు తన కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. దానిని ఒక దిక్కుకు మళ్లించడానికి పరావలయాకారపు దర్పణం ఉపయోగపడింది. పరావలయపు నాభి వద్ద ఉన్న బిందువు నుంచి బయలుదేరిన కిరణాలు దర్పణంపై పడి, దాని అక్షానికి సమాంతరంగా వెనుదిరుగుతాయి. గణితంలో మీరు చదువుకునే ఈ ధర్మమే హై బీమ్‌కు ఆధారం.

మరి దీపాన్ని దించడం ఎలా? 1920ల మధ్యకాలంలో జర్మనీకి చెందిన ఆస్‌రామ్ సంస్థ ‘బైలక్స్’ అనే బల్బును తెచ్చింది. ఒకే బల్బులో రెండు తంతువులు ఉండడం దీని ప్రత్యేకత. ఒక తంతువు నాభి వద్ద ఉండి సమాంతర కిరణాలను ఇస్తుంది. రెండవది నాభికి కొంచెం ముందు ఉంటుంది. దాని కింద ఒక చిన్న లోహపు గిన్నెను అమర్చారు. ఆ గిన్నె అడ్డు ఉండడం వల్ల రెండవ తంతువు వెలుగు దర్పణపు పై సగం మీద మాత్రమే పడుతుంది. నాభికి ముందున్న బిందువు నుంచి వచ్చిన కిరణాలు కనుక అవి పై సగం నుంచి కిందికి వాలి రోడ్డు మీద పడతాయి. ఎదుటివారి కంటికి ఎగసే కిరణాలు ఆ విధంగా తొలగిపోయాయి. ఒకప్పుడు మన నగరాలలో హెడ్‌లైటు అద్దం పై భాగానికి నల్లరంగు పూసేవారు. ఆ ఏర్పాటు ఉద్దేశం కూడా ఇదే.

తరువాతి కాలంలో వచ్చిన ప్రొజెక్టర్ దీపం ఇంకా చమత్కారమైనది. ఇందులో దర్పణం దీర్ఘవృత్తాకారంలో ఉంటుంది. దీర్ఘవృత్తానికి రెండు నాభులు ఉంటాయి. మొదటి నాభి వద్ద పుట్టిన కాంతి అంతా రెండవ నాభి వద్దకు చేరుతుంది. సరిగ్గా అక్కడ ఒక లోహపు రేకును నిలబెట్టి, దాని ముందు కుంభాకార కటకాన్ని ఉంచుతారు. కటకం ఆ రేకు అంచును తలకిందులు చేసి రోడ్డు మీదికి ప్రసరింపజేస్తుంది. కనుక రేకు కింది సగాన్ని అడ్డగిస్తే బయట పై సగం చీకటి అవుతుంది. రాత్రివేళ గోడ ముందు కారు నిలిపినప్పుడు కత్తితో కోసినట్టు కనిపించే వెలుగునీడల సరిహద్దు ఆ రేకు అంచు నీడే. మన దేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి. అందుచేత ఆ అంచును ఎడమ దిక్కున కొంచెం పైకి లేచేటట్లు తీర్చుతారు. రోడ్డు పక్క నడిచే మనుషులు దూరం నుంచే కనిపిస్తారు. కుడివైపు నుంచి వచ్చే డ్రైవరు కళ్లు చెదరవు.

ఇంతవరకు చెప్పిన దీపాలు వాహనానికి బిగించినవి. వాహనం ఎటు చూస్తే అవి అటే చూస్తాయి. దారి మలుపు తిరిగినప్పుడు వెలుగు పొలాల మీద పడుతుంది. దారి చీకటిలో ఉంటుంది. ఈ లోపాన్ని గుర్తించి 1948లో అమెరికాలో తయారైన టక్కర్ కారుకు నడుమ మూడవ దీపాన్ని అమర్చారు. అది స్టీరింగుతో పాటు తిరిగేది. 1967లో ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ సంస్థ తన డి.ఎస్. కారులో లోపలి జత దీపాలను స్టీరింగుతో పాటు తిరిగేటట్లు తీగలతో అనుసంధానించింది. నేటి కార్లలో ఆ పనిని చిన్న విద్యుత్ మోటార్లు చేస్తాయి. స్టీరింగు ఎంత తిరిగింది, వేగం ఎంత అన్న సమాచారాన్ని సెన్సర్లు అందిస్తే, కంప్యూటరు లెక్కగట్టి దీపాన్ని మలుపు వైపు తిప్పుతుంది. కారు వెనుక బరువు పెరిగి ముందు భాగం పైకి లేచినప్పుడు దీపాన్ని తగినంత దించడం కూడా అటువంటి మోటార్ల పనే.

అయినా అసలు చిక్కు మిగిలే ఉంది. హై బీమ్ వేస్తే అంతా వేయాలి, దించితే అంతా దించాలి. ఎదురుగా వచ్చేది ఒక్క వాహనం. దాని కోసం దారి మొత్తాన్ని చీకటి చేసుకోవాలా? ఈ ప్రశ్నకు ఎల్.ఇ.డి. దీపాలు సమాధానం చెప్పాయి. నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమనో, నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ నీలి కాంతి మీద పసుపు కాంతినిచ్చే పూత పూసి తెల్లని వెలుగును రాబట్టవచ్చు. ఎల్.ఇ.డి. చాలా చిన్నది, రెప్పపాటు కన్న తక్కువ కాలంలో వెలుగుతుంది, ఆరుతుంది. కనుక ఒక పెద్ద దీపానికి బదులు అనేక చిన్న దీపాలను వరుసలుగా పేర్చవచ్చు.

2013లో ఆడి సంస్థ తన ఎ8 కారులో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒక్కొక్క హెడ్‌లైటులో హై బీమ్ కోసమే 25 ఎల్.ఇ.డి.లు ఉన్నాయి. ఒక్కొక్క దీపం దారిలోని ఒక్కొక్క ముక్కను వెలిగిస్తుంది. ముందు అద్దం వెనుక ఉన్న కెమెరా ఎదురుగా వచ్చే తెల్లని దీపాలనూ, ముందు పోయే వాహనపు ఎర్రని దీపాలనూ గుర్తిస్తుంది. కంప్యూటరు ఆ వాహనం ఏ కోణంలో ఉన్నదో లెక్కగట్టి, ఆ కోణానికి చెందిన దీపాలను మాత్రమే తగ్గిస్తుంది లేదా ఆర్పుతుంది. ఎదుటి వాహనం కదిలినకొద్దీ ఒక దీపం ఆరి, మరొకటి వెలుగుతుంది. ఆ వాహనం చుట్టూ ఒక చీకటి గొడుగు పట్టినట్టు, దానితో పాటే నీడ నడుస్తుంది. మిగిలిన దారి అంతా హై బీమ్ వెలుగులోనే ఉంటుంది.

వెలుగును ఇంకా చిన్న ముక్కలుగా చేయడం తరువాతి మెట్టు. 2018లో మెర్సిడెస్ సంస్థ సూక్ష్మ దర్పణాలతో పనిచేసే దీపాన్ని తెచ్చింది. ఒక్కొక్క దీపంలో పది లక్షలకు పైగా అద్దాలు ఉంటాయి. ఒక్కొక్కటి తల వెంట్రుక మందం కన్న చిన్నది. ప్రతి అద్దమూ కొద్ది డిగ్రీలు అటో ఇటో వాలుతుంది. ఒకవైపు వాలితే వెలుగు కటకం ద్వారా దారి మీద పడుతుంది. మరొకవైపు వాలితే లోపలే ఇంకిపోతుంది. సినిమా ప్రొజెక్టర్లలో బొమ్మను చూపే సాధనమే ఇక్కడ దారిని చూపుతున్నది. 2023 నాటికి వేలకొద్దీ సూక్ష్మ ఎల్.ఇ.డి.లను ఒకే చిప్పు మీద పేర్చిన దీపాలు కూడా కార్లలోకి వచ్చాయి.

శాస్త్రం ముందుకు పోయినంత వేగంగా చట్టం పోలేదు. అమెరికాలో హై బీమ్, లో బీమ్ అనే రెండు విధాలే ఉండాలన్న పాత నిబంధన కారణంగా ఇటువంటి దీపాలకు చాలాకాలం అనుమతి దొరకలేదు. 2022 ఫిబ్రవరిలో ఆ నిబంధనను సవరించారు.

ఈ దీపాలకు పరిమితులు లేకపోలేదు. కెమెరా ఎదుటి వాహనాన్ని గుర్తించేది ముఖ్యంగా దాని దీపాలను బట్టే. దీపం లేని సైకిలు, దారి పక్కన నడిచే మనిషి దానికి సులభంగా అందరు. రోడ్డు నడుమ ఎత్తైన గోడ ఉంటే ఎదురుగా వచ్చే లారీ దీపాలు దాని చాటున దాగిపోతాయి. కాని ఎత్తున కూర్చున్న లారీ డ్రైవరు కళ్లలో మన వెలుగు పడుతూనే ఉంటుంది. ముందు అద్దం మురికిగా ఉన్నా, మంచు దట్టంగా కమ్మినా కెమెరా పొరబడవచ్చు. కాబట్టి యంత్రం ఎంత నేర్చినా డ్రైవరు వివేకం అవసరం తీరిపోదు.

మన రహదారులపై ఇటువంటి దీపాలు గల వాహనాలు కొద్ది. దీపాన్ని దించే మీట మాత్రం అన్నింటికీ ఉంది. పది లక్షల అద్దాలు కలిసి చేసే పనిలో సగమైనా మన వేలి కొస చేయగలదు. ఎదురుగా వచ్చేవాడు మనకు కనిపించడు. అతని పేరు తెలియదు. మళ్లీ ఎన్నడూ కలవడు. అయినా అతని చూపును కాపాడడానికి మన వెలుగును క్షణకాలం తగ్గించుకోవడమే రహదారి సంస్కారం.

కఠిన పదాలు – అర్థాలు

నొవ్వు : బాధపడు
ప్రశస్తి : కీర్తి, పొగడ్త
పుంజం : రాశి, సమూహం
తంతువు : సన్నని తీగ
దర్పణం : అద్దం
కటకం : కాంతిని వంచే గాజు బిళ్ల
నేత్రపటలం : కంటి లోపలి, వెలుగును గ్రహించే పొర

ప్రశ్నలు

1. రాత్రివేళ వాహనం ఆగడానికి కావలసిన దూరానికి, దీపం వెలుగు పోయే దూరానికి గల సంబంధాన్ని వివరించండి.
2. ప్రొజెక్టర్ దీపంలో లోహపు రేకు చేసే పని ఏమిటి?
3. అనేక ఎల్.ఇ.డి.లతో కూడిన హెడ్‌లైటు ఎదుటి వాహనానికి నీడ ఎలా పడుతుందో తెలపండి.
4. ‘యంత్రం ఎంత నేర్చినా డ్రైవరు వివేకం అవసరం తీరిపోదు’ – సమర్థించండి.